రుచి చూడకుండా పంపిన పళ్ళెం

మా వంటగదిలోకి గొడ్డు మాంసం వచ్చింది ఒక్కసారే. తెచ్చింది నేనే.

నా భార్య క్రైస్తవుల ఇంటి పిల్ల. నేను హిందువును. పెళ్ళైన కొత్తలో మా అమ్మ మాతోనే ఉండేది కనుక నా భార్య ఆ మాంసం ఇంట్లో వండలేదు. తినాలనిపిస్తే తన అక్క ఇంటికి వెళ్ళినప్పుడు తినేది. అమ్మ పోయాక కూడా ఆ పద్ధతి అలాగే ఉండిపోయింది. వండొద్దని నేను ఎప్పుడూ అనలేదు. వండుకో అని కూడా అనలేదు. అనాల్సింది.

మలేషియాలో మా ఊరు సుంగై పెటాని నుంచి ఆమె రోజూ బస్సెక్కి, దీవి మీదున్న జార్జ్ టౌన్‌లో ఒక హోటల్ వంటగదికి వెళ్ళేది. ఇరవై రెండేళ్ళు చేసింది. అక్కడ నేర్చుకున్నదే స్టేక్ టార్టార్. పచ్చి గొడ్డు మాంసాన్ని కత్తితో సన్నగా కోసి, ఉల్లిపాయా ఊరగాయలూ ఆవ ముద్దా కలిపి, పైన పచ్చి గుడ్డు సొన పెట్టి ఇచ్చే ఫ్రెంచి వంటకం. ఆమె చెబుతుంటే నేను మాట మార్చేసేవాణ్ణి. ఆమెకు మాత్రం ప్రాణం.

తర్వాత ఆమెకు పెద్ద జబ్బు చేసింది. వైద్యం జరిగినన్ని నెలలూ పచ్చివేవీ పెట్టకూడదన్నారు. రెండుసార్లు ఆ టార్టార్ అడిగింది. "వైద్యం అయిపోనీ" అన్నాను. ఒకరోజు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంక మందులు ఆపేద్దాం, ఏది అడిగితే అది పెట్టండి అన్నాడు. ఇంటికి తెచ్చుకున్నాం. అప్పటికే గంజి రెండు చెంచాలు దిగడం కష్టంగా ఉంది. ఏం తింటావని అడిగితే మళ్ళీ అదే చెప్పింది, నన్నే చెయ్యమంది. ఇంకో వారం ఆగితే అది కూడా మింగలేదని నాకు తెలుసు.

నేను స్కూలు లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ పనైనా పుస్తకం చూసి నేర్చుకోవడం అలవాటు. మూడు పుస్తకాలు చూశాను. మూడూ మూడు రకాలుగా చెప్పాయి. ఒక్క విషయంలో మాత్రం మూడూ కలిశాయి: మాంసం అదే రోజు కొనాలి, చల్లగా ఉంచాలి, మరలో వెయ్యకుండా కత్తితోనే కొయ్యాలి.

పొద్దున్నే కారులో ఐసు పెట్టె పెట్టుకుని వంతెన దాటి జార్జ్ టౌన్ వెళ్ళాను. విదేశీ మాంసం అమ్మే దుకాణంలో ఏ ముక్క అడగాలో మా ఆవిడ ముందే కాగితం మీద రాసి ఇచ్చింది. మలయ్‌లో బాతాంగ్ పినాంగ్, అంటే వెన్ను లోపలి మెత్తటి భాగం. దుకాణం అతను తమిళంలో, "కూరకా అంకుల్?" అన్నాడు.

"కాదు, పచ్చిగా తినడానికి."

అతను నన్ను కింద నుంచి పైదాకా చూసి, "మీరా?" అన్నాడు.

"మా ఆవిడ."

అతను అప్పుడే తెరిచిన ముక్కలోంచి కోసి, ఐసు కూడా ఎక్కువే వేశాడు.

ఇంట్లో మా వదిన, అంటే ఆమె అక్క, క్లాంగ్ నుంచి వచ్చి ఉంది. పొట్లం చూసి నవ్వింది. "నీ సేత్తో గొడ్డు మాంసమా మరిదీ! మీ అమ్మ ఉంటే నిన్నూ నన్నూ కలిపి గెంటేసును లా." ఇక్కడ పుట్టినవాళ్ళ మాట చివర ఆ 'లా' ఊరికే వచ్చి పడుతుంది.

"నిన్నే ముందు గెంటేసును వదినా."

హాల్లో మంచం మీంచి నా భార్య అరిచింది. అరుపంటే అరుపు కాదు, ఉన్న గొంతుతో. "కబుర్లు ఆపండి. మాంసం ఏడెక్కిపోద్ది."

ముక్కను కాసేపు ఫ్రీజర్లో పెట్టి తీశాను, కత్తికి ఆనేలా. ముందు పలకలుగా, తర్వాత పోగులుగా, తర్వాత మిరియపు గింజంత ముక్కలుగా. చేతికి ఆ చల్లదనం, ఆ ఎరుపు. కాసేపయ్యాక అలవాటైపోయింది. అలవాటైపోవడమే నాకు ఆశ్చర్యంగా ఉంది.

"ఏటి, దంచుతున్నావా?" అంది హాల్లోంచి. చప్పుడు వింటోందన్నమాట. "పచ్చడి కాదయ్యా. కొయ్యి."

గిన్నెను ఐసు మీద పెట్టి, చిన్న ఉల్లిపాయలు, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు, ఉప్పు కడిగేసిన కేపర్ మొగ్గలు, ఆవ ముద్ద, రెండు చుక్కలు నల్ల సాసు, మిరియాలు, పార్స్లీ ఆకు కలిపాను. ఊరగాయల్లో ఉప్పు ఉంటుంది, చూసి వెయ్యండి అని పుస్తకంలో ఉంది. చూడడమంటే నోట్లో వేసుకోవడం. నేను వేసుకోలేదు. చిటికెడు ఉప్పు వేసి, గుండ్రంగా పళ్ళెంలో పెట్టి, మధ్యలో సొన దించి, కాల్చిన రొట్టెతో తీసుకెళ్ళాను.

వదిన ఆమెను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. ఆమె సొనను కలిపి చెంచా కొనతో కొంచెం నోట్లో పెట్టుకుంది. మింగింది. చెంచా పక్కన పెట్టింది.

"రుసి సూసినావా?"

నేను రొట్టె ముక్కలు ఆమె వైపు జరిపాను.

"నిన్నే అడుగుతున్నాను. రుసి సూసినావా?"

తప్పించుకోవడానికి నవ్వు తెచ్చుకుని అన్నాను. "మా ఇంట్లో దేవుడికెట్టేది రుసి సూడరు."

"నానింకా అక్కడికి ఎల్లలేదు లా," అంది. వదిన మొహం తిప్పుకుంది. "మా హోటల్లో రుసి సూడని పల్లెం గుమ్మం దాటదు. ఎనక్కి పట్టుకెల్లు."

"వొదిలెయ్యవే, ముసలోడు పొద్దున్నించీ నిలబడే ఉన్నాడు," అంది వదిన.

"నాను కూడా ఇరవయ్యేళ్ళు నిలబడినాను."

పళ్ళెం వెనక్కి తెచ్చాను. కాళ్ళు లాగుతున్నాయి. కాసేపు వంటగదిలో ఊరికే నిలబడ్డాను. మతం గురించి ఆలోచించానని చెబితే అబద్ధం. ఆమె మళ్ళీ నిద్రలోకి జారితే సాయంత్రం దాకా లేవదు, అప్పటికి మాంసం పనికిరాదు. అంతే ఆలోచించాను. చెంచా తీసుకుని తిన్నాను. ముందు ఆవ ఘాటు, తర్వాత పులుపు, ఆ తర్వాత చల్లగా, మెత్తగా, చప్పగా ఒకటి. ఉప్పు చాలలేదు. వేశాను. మళ్ళీ తిన్నాను. ఇంకొంచెం వేశాను. ఇంకోసారి తిని, ఇప్పుడు సరిపోయిందని తెలుసుకున్నాను.

పళ్ళెం మళ్ళీ హాల్లోకి తీసుకెళ్ళాను. ఆమె నా మొహం చూసింది. చెంచా తీసుకుంది. ఒకటి. కాసేపు ఆగి రెండోది. మూడోది రొట్టె ముక్క మీద పెట్టుకుని, చాలాసేపు నమిలి మింగింది. వదిన నీళ్ళు పట్టింది.

"సాలు," అంది. "మిగిలింది మీరు తినండి. పచ్చిది ఉంచకూడదు."

వదిన తన వంతు గబగబా తినేసింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాను. నాకు నచ్చిందని చెప్పలేను. ఆమె కొంతసేపు నేను నమలడం చూసి, కళ్ళు మూసుకుంది. పళ్ళెంలో ఇంకా సగం ఉంది. మెల్లగా తిన్నాను.