పెద్ద టేబుల్‌కి ఎక్కిన ఉదయం

ఆ శుక్రవారం బెల్లం మార్కెట్లో నేను నిలబడాల్సిన చోట నిలబడలేదు. మా కొట్టు వెనక, ఖాళీ గోనె సంచులు పడేసే గదిలో కూర్చుని ఫోన్లో పేకాడాను. ఇంత చిన్న వాక్యం నోటితో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ముందు కడుపునొప్పి అన్నాను.

అనకాపల్లిలో నేనొక కమీషన్ కొట్టు గుమస్తాను. మా యార్డులో వేలం కుప్ప కుప్పకీ విడిగా నడుస్తుంది. కొనేవాళ్లు గుంపుగా వచ్చి, రంగు చూసి ధర పలుకుతారు. నచ్చకపోతే రైతుగానీ, రైతు తరఫు మనిషిగానీ అక్కడే ‘ఇవ్వను’ అనాలి. కుప్ప దగ్గర ఎవరూ లేకపోతే పలికిందే ఖాయం.

ఆ రోజు అందులో ఒక కుప్ప మా బావమరిదిది. కొండకర్ల దగ్గర అతనికి ఎకరన్నర చెరకు. ఆ ఏడు పాకంలో రంగు తేల్చే పొడి వెయ్యకుండా వండాడు. అలా వండమని పోరింది నేనే. పొడి పడని బెల్లం ముదురు రంగులో ఉంటుంది. పక్కన ఒక మనిషి నిలబడి, దిమ్మ విరిచి, ముక్క చేతిలో పెట్టి, ఇది మాడింది కాదు, తిని చూడండని చెప్పుకోవాలి. చెరకు రసం కాగే పెనం పొయ్యి మీద ఉండగా అతను రాలేడు. ముందురోజు ఫోన్ చేసి, “నువ్వున్నావు కదా బావా, నాకేటి బెంగ,” అన్నాడు.

ఇక నా ఆట, పోకర్ సంగతి. డబ్బు పెట్టి ఆడే యాప్‌లు దేశమంతటా మూతపడక ముందు మాట ఇది. మా రాష్ట్రంలో అవి అప్పటికే తెరుచుకునేవి కావు. నేను బెంగళూరులో ఉన్నట్టు ఫోన్‌ని నమ్మించే ఇంకో యాప్ వేసుకున్నాను. ఏడాదిపాటు యాభై రూపాయల టోర్నమెంట్లే ఆడాను. యాప్‌లో ఉన్న సొమ్ములో నూరో వంతుకి మించిన ఎంట్రీ కట్టకూడదని నాకొక నియమం ఉండేది. దాన్ని తప్పనందుకు నన్ను నేను పెద్దమనిషిగా లెక్కేసుకునేవాణ్ణి. ఆ వారం ఒకదాంట్లో మూడు వందల మందిలో మొదటివాడిగా వచ్చాను. దాంతో యాభై రూపాయల టేబుళ్లు నాకు చిన్నతనంగా కనిపించాయి. శుక్రవారం ఉదయం నా నియమం పక్కనపెట్టి రెండు వేల ఎంట్రీ టోర్నమెంట్లో చేరాను. పైస్థాయి కదా, గంటలో ఓడిపోతాను, పదింటి వేలానికి వెళ్లిపోవచ్చు అనుకున్నాను.

ఓడిపోలేదు. అదే నా ఖర్మ. కింది టేబుళ్లలో పెద్ద పందెం వేస్తే బెదిరి ముక్కలు వదిలేసేవాళ్లు. ఇక్కడివాళ్లు బెదరరు, కాచుకుని ఉంటారు. నేనూ కాచుకుని ఆడాను. పది దాటింది. ఇంకో ఏడుగురు పోతే డబ్బు వచ్చే స్థానాలు. అప్పుడు యార్డులో మూటలు మోసే కళాసీ ఫోన్ చేశాడు. కాల్ వస్తే ముక్కలు కనబడవు. కట్ చేశాను. మళ్లీ చేశాడు. మళ్లీ కట్ చేశాను. చేతిలో రాణుల జత ఉంది. ఉన్న చిప్స్ అన్నీ తోశాను. అవతలివాడు అంతకన్నా పెద్దదైన ఆసుల జత చూపించాడు, నా ఆట అయిపోయింది.

బయటికి వచ్చేసరికి బావమరిది దిమ్మలు పశువుల దాణాకి పోయే నల్లబెల్లంతో కలిపి లారీకి ఎక్కుతున్నాయి. “పిలిత్తే ఎత్తవేటి గుమస్తాగారూ?” అన్నాడు కళాసీ. “అడ్డం సెప్పినోడు ఎవుడూ నేడని నల్లదాన్లోకి తోసేసేరు.”

బావమరిదికి ఫోన్ చేశాను. కడుపునొప్పి వచ్చిందనీ, అయినా నిలబడ్డాననీ చెప్పాను. అతను ధర గురించి అడగలేదు.

“రుసి సూసేరా బావా?”

చూశారన్నాను. చూసినా వద్దన్నారని చెప్పాను. అన్నింట్లోకీ అది పాడు మాట. అయితే వచ్చే పెనం నుంచి పొడి వేసేస్తానని అతను ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం బస్సెక్కి వెళ్లాను. అతను పాకం కలుపుతున్నాడు, నా వైపు తిరగడానికి వీల్లేదు. అదే నాకు ధైర్యమిచ్చింది. ఎవరూ రుచి చూడలేదని, నేనక్కడ లేనని, పేకాడుతున్నానని చెప్పాను.

“గెలిసేవా?” అన్నాడు.

లేదన్నాను.

“గెలిసినా బాగున్ను. నా బెల్లం దేనికి పోయిందో తెలిసీది.”

ధర తేడా నా జీతంలోంచి ఇస్తానన్నాను. “డబ్బుల మాట తరవాత. పొడి ఎయ్యాలా, వొద్దా? అది సెప్పు ముందు.”

వద్దన్నాను. నా మాట మీద కాదు, ఈసారి నువ్వే వెళ్లి కుప్ప దగ్గర నిలబడు, పొయ్యి దగ్గర నేనుంటాను అన్నాను. అతను పొడి వెయ్యకుండానే ఆ పెనం దించాడు.

మర్నాడు మా షావుకారికి ఉన్నదున్నట్టు చెప్పి సెలవడిగాను. నలుగురి ముందూ తిట్టి ఇచ్చాడు. యాప్‌లు రెండూ తీసేశాను. బుధవారం బావమరిది దిమ్మలతో మార్కెట్‌కి వెళ్లాడు. అతని భార్య, నాకు చెల్లెలి వరస, పెనం దగ్గర పాకం చూసింది. నేను పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోశాను. నాకు ఆ పనీ సరిగా రాదు. మంట ఎక్కువైనప్పుడల్లా ఆమె కసిరింది.

పదకొండింటికి అతను ఫోన్ చేశాడు, ఆమెకే. ఆమె ‘ఊఁ, ఊఁ’ అంటూ విని పెట్టేసింది. ధర ఎంత పలికిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

“ఈ పెనానికి కూడా పొడి వొద్దన్నారు ఆయన,” అంది. “మంట తగ్గిపోతంది, సూడు.”

నేను వంగి పిప్పి ఎగదోశాను.