అచ్చులో మిగిలిన పోగులు

మొన్న గోడలకు రంగు వేయడానికొచ్చిన మనిషి అటక మీది సామాను దింపుతూ, పాత దుప్పటిలో చుట్టిన పొడవాటి వస్తువొకటి పట్టుకొచ్చి, "ఇదేటమ్మా, దువ్వెన్నాగుంది, పారెత్తీమంటారా?" అని అడిగాడు. "వొద్దు బాబూ, అలా ఉంచు" అన్నాను. అతని తప్పేం లేదు. మగ్గం అచ్చు చూడనివాళ్ళకు అది దువ్వెనే మరి. పళ్ళ సందుల్లోంచి పోగులు వేలాడుతుంటే, ఎవరో రాక్షసి తల దువ్వుకుని చిక్కు తియ్యకుండా పడేసినట్టుంటుంది. గోపాలపట్నంలో ఈ పోర్షన్ల ఇల్లు ఒకప్పుడు మా పెదనాన్న మగ్గం ఆడిన పెంకుటిల్లని చెబుదామనుకున్నాను. హైవే మీద లారీల మోతకు నా మాట నాకే వినబడదు, ఇంక చెప్పే ఓపికెక్కడిది.

అప్పట్లో ముందు గదిలో మగ్గం కింద నేలలో గొయ్యి, ఆ గోతిలో కాళ్ళు పెట్టుకుని పెదనాన్న. గదంతా పులిసిన గంజి వాసన. మా ఇళ్ళలో ఒక పద్ధతుండేది. నేత అయిపోయి బట్ట కోసేటప్పుడు అచ్చులోంచి పోగులు లాగేయరు, జానెడు కొసలు వదిలేస్తారు. కొత్త పడుగు రాగానే దాని ఒక్కొక్క పోగునూ ఆ పాత కొసకు కలిపి మెలిపెడతారు. ఆ పని పెద్దమ్మది. వేళ్ళకు బూడిద అద్దుకుని పొద్దంతా మెలిపెడుతూనే ఉండేది, మధ్యలో పలకరిస్తే కసిరేది. అచ్చు ఒకసారి ఖాళీ అయిందా, అన్ని పళ్ళలోనూ మళ్ళీ మొదటినుంచీ పోగులు దూర్చుకోవాలి, ప్రాణం పోతుంది. పెదనాన్న మాత్రం దాన్ని చాకిరీ సంగతిగా చెప్పేవాడు కాదు. తన పోగు వాళ్ళ నాన్న పోగుకీ, అది తాత పోగుకీ అతికినవేనని, ఎన్ని బట్టలు దిగినా ఇంట్లో పడుగు ఒక్కటేనని మురిసిపోయేవాడు. ఆ మురిపెం చూసి పెద్దమ్మ, "అతికీది నాను, గొప్పలు మీవి" అని దెప్పేది.

రేవు వైపు నుంచి ఓడ కూత వినబడిన రోజున మాత్రం ఆయన గొంతు మారేది. మా ముత్తాతల కాలంలో ఈ చుట్టుపక్కల నేసిన సన్నబట్ట దొరల ఓడలెక్కి వెళ్ళేదట. "కొన్నాలకి ఆ ఓడల్లోనే సీమనూలు దిగింది. దానెనకే సీమబట్టా దిగింది. సౌకగా వొత్తంటే ఎవులు కాదంతారు?" అనేవాడు. ముత్తాత కూడా కాదనలేదు. ఇంట్లో వడికిన నూలు కొసలకు మిల్లులో తీసిన సీమనూలు పడుగు అతికించాడు. ఆ పూట ముత్తవ్వ రాట్నం మూలకు తోసేసి అన్నం ముట్టలేదట. పెదనాన్న ఈ మాట దగ్గర ప్రతిసారీ ఆగి, పేక పోగు నడిపే నాడె ఒడిలో పెట్టుకుని, ముత్తవ్వకు అన్యాయం తనే చేసినట్టు మొహం పెట్టేవాడు.

ఆయన వంతూ వచ్చింది. చీరలు పోయి తువ్వాళ్ళు మిగిలాయి. ఆ తువ్వాళ్ళలాంటివే మరమగ్గాల మీద దిగి సంతలో సగం ధరకు దొరికాయి. సొంత చుట్టాలే పెళ్ళిళ్ళకు మా నేత వదిలేసి అవి కొనుక్కున్నారంటే ఎవరిని తిట్టుకుంటాం? చివరికి ఆయనకు ఉక్కు ఫ్యాక్టరీలో పని దొరికింది. వెళ్ళే ముందు మగ్గం మీది బట్ట కోసి, కొసలు జాగ్రత్తగా వదిలి, "రిటేరయ్యాక మల్లీ అతుకుతాం. పోగులు మాత్రం తియ్యకండి" అన్నాడు. ఆ ఒక్క మాటే ఆయన ఈ ఇంటిని అడిగింది. మొదట్లో ఆదివారాలు అచ్చు దుమ్ము దులిపేవాడు. తర్వాత షిఫ్టు దిగొచ్చి నిద్రపోయేవాడు, నిద్రలో కాళ్ళు మాత్రం తొక్కుడు కర్రలు వెతుక్కుంటున్నట్టు కదిలేవి. రిటైరయ్యేసరికి పెద్దమ్మ చూపు మందగించింది, ఆయన మోకాళ్ళు గోతిలోకి దిగనన్నాయి. పెంకుటిల్లు తీసి ఈ ఇల్లు కట్టేటప్పుడు ఆ గొయ్యి సిమెంటుతో పూడ్చారు. ఆయన కళ్ళు మూసేదాకా అటక వైపు చూసి, "ఉన్నాయా?" అనేవాడు. ఉన్నాయి పెదనాన్నా అనేదాన్ని.

ఈరోజు నా మేనకోడలు సెలవు దొరికి వచ్చింది. పెదనాన్న మనవరాలే. అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. చొక్కా కుడతావా అంటే, "సొక్కా ఎక్కడిదత్తా, సేతులే. రోజంతా ఎడం సేతులు" అంటుంది. బల్ల మీది అచ్చును తిప్పి తిప్పి చూసింది. సంగతి చెప్పాను. దేవుడి గూట్లోంచి విభూతి తెచ్చి వేళ్ళకు రాసుకుని, కుట్టుదారం ఒకటి తెంపి పట్టుకుంది. "తాత మాట మనమైనా నిలబెడదాం, ఒక్క పోగైనా అతుకుతానుండు" అంది. నేను అచ్చు కదలకుండా పట్టుకున్నాను.

మెలిపెట్టగానే పాత కొస తెగిపోయింది. ఇంకొకటి పట్టుకుంది, అదీ తెగింది. మూడోది ముట్టుకోగానే పొడిపొడిగా రాలింది. "అయ్యో, గట్టిగా లాగలేదత్తా" అని భయంగా నా వైపు చూసింది. నువ్వేం చేశావమ్మా అన్నాను. ఇంతకాలం ఉన్నాయి ఉన్నాయి అని ఆయనకు చెబుతూ వచ్చింది వీటి గురించేనా అనిపించి ఏడుపొచ్చింది. బల్ల మీద రాలిన నలుసుల్ని కొంగుతో ఒక పక్కకు తీశాను. తియ్యొద్దన్నాడని ఎవరమూ తియ్యలేదు, నిజమే. కానీ చివికిపోకుండా ఎదురుచూడడం ఏ పోగుకీ చేతకాదు.