ఒక్క రాత్రికి సర్దిన సంచి

ఆ సాయంత్రం వాన అందుకోవడంతో సైకిల్ తోసుకుంటూ పురానాపూల్ బస్టాపులోకి చేరాను. చెరువుగట్టున టెంటు వేసుకుని పడుకుని, పొద్దున వచ్చేస్తానని నా భార్యతో చెప్పి బయల్దేరాను. వెనక కట్టిన సంచి మూతి ఊడి మడత బట్టలు బయటికి వస్తున్నాయి. బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వాటిని లోపలికి నెట్టింది.

"ఎన్ని దినాలు పోతున్నవ్ బిడ్డా?"

"ఒక్క రాత్రికేనమ్మా."

"ఒక్క రాత్రికి గిన్ని బట్టలా? ఇంట్ల ఆమెకు ఎరుకేనా?"

ఆమె తాడు గట్టిగా బిగించి, తన బస్సెక్కి వెళ్లిపోయింది.

ఇక ఇంటికి తిరిగి వెళ్లకూడదనే అన్ని బట్టలు సర్దుకున్నాను. చెరువుగట్టున రాత్రంతా ఆమె అడిగిన మాటే గుర్తొస్తుంటే, తెల్లారగానే ఇంటిదారి పట్టాను.

ఇప్పటికీ సైకిల్ మీద అలా వెళ్తుంటాను. సంచి మాత్రం నా భార్యనే సర్దమంటాను. ఎందుకని తను ఎప్పుడూ అడగలేదు.