మా బావ కారు ఒక్క క్షణం ఆలోచిస్తుంది

మా బావ కారుకి ఒకటే జబ్బు. మా అక్క తాళం అడిగిన రోజే దానికి ఒంట్లో బాగుండదు.

అక్క పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంది. ఆ లైసెన్సు బీరువాలో భద్రంగా ఉంది, కారు బావ చేతిలో భద్రంగా ఉంది. అక్క మొదటిసారి అడిగినప్పుడు టైర్లలో గాలి తగ్గింది. రెండోసారి క్లచ్ దగ్గర ఏదో మాడు వాసన వచ్చింది. అది బావ ముక్కుకి తప్ప ఇంకెవరి ముక్కుకీ అందలేదు. ఆ తర్వాత ఏ వంకా దొరక్క, "ఈ వారం బండి మూడ్ బాగాలేదోయ్" అన్నాడు. నేను వాళ్లింటి వెనక వాటాలోనే ఉంటాను కాబట్టి ఈ భాగోతమంతా కిటికీలోంచి ఉచితంగా చూస్తుంటాను.

బావకి బజారులో కళ్లద్దాల షాపుంది. ఆయన చెడ్డవాడంటే నా కళ్లు పోతాయి. ముసలివాళ్ల ఫ్రేము వంకరపోతే ఊరికే సరిచేసి పంపిస్తాడు. అక్కకి జ్వరమొస్తే ఆయనే వండుతాడు, ఆ వంట తినడం ఇంకో జ్వరం అనుకోండి. కానీ ఇంట్లో ఏం పాడైనా బయటివాడి చెయ్యి పడకూడదు. మిక్సీ విప్పాడు, అదిప్పుడు ఒకటే స్పీడులో తిరుగుతుంది. గోడ గడియారం విప్పి బిగించాక రెండు మరలు మిగిలాయి. "కంపెనీవాళ్లు ఎక్కువ వేస్తార్లే" అని వాటిని జేబులో వేసుకున్నాడు.

అక్క కర్టెన్లు కుడుతుంది. ఊరి చివర కొత్తగా కట్టిన ఎముకల ఆసుపత్రిలో అన్ని గదులకీ కర్టెన్లు కుట్టే పని ఆమెకి దొరికింది. నడుం విరిగేలా కుట్టింది. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లి తగిలించాలి. ముందుగదిలో కర్టెన్ల మూటలు పేర్చి, మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నప్పుడు మాట బయటపెట్టింది.

"రేపు కారు నేను తీసుకెళ్తున్నాను."

"నేను దింపుతాను కదా" అన్నాడు బావ.

"దింపడానికి నేనేమైనా సామానునా? ఆ ఆసుపత్రి మెట్ల ముందు నా బండి నేను ఆపాలి. నాకింకేం అక్కర్లేదు."

పెళ్లయిన ఇన్నేళ్లలో అక్క ఇలా పట్టుబట్టి ఏదైనా అడగడం నేను చూడలేదు. బావ చెయ్యి కడుక్కుని, నేరుగా కారు దగ్గరికి నడిచాడు. స్టార్ట్ చేశాడు, ఆపాడు. మళ్లీ చేశాడు, ఆపాడు.

"విన్నారా? తాళం తిప్పాక ఒక్క క్షణం ఆగి అంటుకుంటోంది."

"అంటుకుంటోందిగా బావా?" అన్నాను.

"ఆలోచిస్తోందమ్మాయ్! ఇంజన్ ఆలోచించకూడదు. స్టార్టర్ మోటారు పోతోంది. ఇలాంటి బండిచ్చి మీ అక్కని రోడ్డు మీదకి పంపమంటావా? ఇప్పుడే మార్చేస్తాను."

లోపలికెళ్లి మంచం కింద నుంచి ఒక అట్టపెట్టె లాగాడు. అందులో తళతళలాడుతూ కొత్త స్టార్టర్ మోటారు.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "జబ్బు ఇవాళ తెలిసింది. మందు మాత్రం ముందే వచ్చిందా?"

బావకి ఆ మాట వినిపించలేదు. స్పానర్లు వెతుక్కునేటప్పుడు ఆయనకి చెవులు పనిచెయ్యవు.

స్టార్టర్ మోటారంటే తాళం తిప్పగానే ఇంజన్‌ని ఒక్క తోపు తోసి నిద్రలేపే వస్తువు. ఆ కారుని తయారుచేసిన మహానుభావుడెవరో దాన్ని ఇంజన్ వెనక, కారు లోపలి రేకు గోడకీ ఇంజన్‌కీ మధ్య సందులో దాచిపెట్టాడు. అక్కడికి వెళ్లాలంటే బ్యాటరీ తియ్యాలి, దాని కింది ట్రే తియ్యాలి, గాలి ఫిల్టరు డబ్బా ఊడదియ్యాలి, రబ్బరు గొట్టాలు పక్కకి కట్టాలి. కింది బోల్టు కంటికి కనిపిస్తుంది. పై బోల్టు చచ్చినా కనిపించదు, వేళ్లతో తడుముకోవాల్సిందే. ఊరందరికీ చూపు అమ్మే మనిషికి భలే పరీక్ష వచ్చింది.

నాకు టార్చి పట్టుకునే ఉద్యోగమిచ్చాడు. అంతకంటే లోకువ ఉద్యోగం భూప్రపంచంలో లేదు.

"అక్కడ కాదు, ఇక్కడ!"

"ఇక్కడంటే ఎక్కడ బావా?"

"నేను చూస్తున్న చోట!"

"నీ తలకాయంతా ఇంజన్‌లో ఉంటే నువ్వెటు చూస్తున్నావో నాకేం తెలుసు?"

బావ స్పానర్లు మార్చి మార్చి దూరుస్తూ, షాపు అలవాటు కొద్దీ, "ఇది బాగుందా? ఇప్పుడు? ఇందాకటిదా, ఇదా?" అని బోల్టుని అడగడం మొదలుపెట్టాడు. పక్కన స్టూలు మీద ఫోన్లో ఎవడో నవ్వుకుంటూ, టీ తాగినంత సేపట్లో స్టార్టరు మార్చేస్తున్నాడు. వాడిది వేరే కారని బావకి వీడియో అయిపోయాక తెలిసింది. అప్పటికి నా రెండు భుజాలూ లాగేస్తున్నాయి.

పొద్దు వాలుతుండగా పాతది బయటికొచ్చింది. కొత్తది లోపలికెళ్లింది. కింది బోల్టు, వైర్లు బిగించాడు. పై బోల్టూ బిగిసింది. అక్కడితో ఊరుకుంటే ఆయన మా బావ ఎందుకవుతాడు?

"ఇంకొక్క పట్టు పడదాం."

"చాల్లే బావా, బిగిసిందిగా!"

స్పానరు జారింది. కుడిచెయ్యి ఇనుప అంచుకి ఠపీమని కొట్టుకుంది. "అమ్మో!" అని బావ పెట్టిన కేకకి అక్క కత్తెర చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. ఆయన మణికట్టుకి ఐసు పెడుతూ కళ్లనీళ్లు పెట్టుకుంది, తిట్టింది, మళ్లీ ఐసు పెట్టింది. ఆ నొప్పిలో కూడా బావ నా చేత బ్యాటరీ బిగింపించి, డబ్బాలన్నీ పెట్టించి, ఎడంచేత్తో తాళం తిప్పాడు.

కారు ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత అంటుకుంది.

ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. బావ మళ్లీ తిప్పాడు. కొత్త స్టార్టరు కూడా ఆలోచించే లేచింది. నేను నవ్వాపుకోలేక మా వాటాలోకి పారిపోయాను.

పొద్దున్నకి ఆ మణికట్టు రెండింతలయింది. బావ దాన్ని తువ్వాలులో పెట్టుకుని వచ్చి, "ఈ చేత్తో నేను నడపలేనోయ్. వాళ్లకి ఫోన్ చేసి ఎల్లుండి వస్తామని చెప్పు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెయ్యి విరగ్గొట్టుకుని కూడా అక్కని ఆపాలని చూసే మనిషిని ఏమనాలి?

అక్క కర్టెన్ల మూటలన్నీ కారులోకి ఎత్తింది. డ్రైవరు సీటు ముందుకి జరుపుకుంది. అటువైపు తలుపు తీసి, "ఎక్కండి" అంది.

"ఎక్కడికి?"

"ఎముకల ఆసుపత్రికి. నాకు కర్టెన్ల పని, మీకు కట్టు పని."

నేను వెనక సీట్లో మూటల మధ్య ఇరుక్కున్నాను. దారంతా బావ లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూనే ఉన్నాడు. కూడలి వచ్చినప్పుడల్లా నోరు తెరుస్తాడు, అక్క అటు చూడకుండానే "ఊఁ" అంటుంది, నోరు మూసేస్తాడు. ఆయన భయమేంటో నాకు అప్పుడు తెలిసింది. కారుకేమవుతుందోనని కొంత ఉంది. అక్కకేమవుతుందోనని చాలా ఉంది. ఏమీ కాకపోతే ఇక తనతో పనేముంటుందోనన్నది అన్నిటికంటే ఎక్కువ ఉంది. నా కోపం సగానికి సగం దిగిపోయింది, పాపం అనిపించింది.

ఏమీ కాలేదు. అక్క సరిగ్గా మెట్ల ముందు ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది.

కర్టెన్లు తగిలించడం అయ్యేసరికి బావ చేతికి కట్టు పడింది. "నెల రోజులు స్టీరింగు ముట్టుకోకూడదు" అన్నాడు డాక్టరు.

"ఒక్క నెలేనా డాక్టరుగారూ? ఇంకొంచెం ఎక్కువ రాయకూడదూ?" అంది అక్క.

డాక్టరు నవ్వాడు. బావ నవ్వలేదు.

తిరుగు ప్రయాణానికి అక్క తాళం తిప్పింది. కారు ఒక్క క్షణం ఆగి అంటుకుంది. బావ ఒళ్లో ఉన్న కట్టు చెయ్యి చూసుకుంటూ, ఎంతో చిన్న గొంతుతో అన్నాడు:

"కంగారు పడకు. అది కొన్న రోజు నుంచీ అంతే."

"నాకు తెలుసు" అంది అక్క, గేరు వేస్తూ.