పోటీ ఎద్దు కాలు, మా రాణి కాలు

పొద్దున జరిగిన సంగతి. సాయంత్రమైనా నా కోపం దిగలేదు.

బండి గుద్ది మా కుక్క రాణికి వెనక కాలు విరిగితే నంద్యాలలో ఆపరేషన్ చేయించాం. కుట్లు మానాక, రోజూ లోతులేని నీళ్లలో నడిపించమన్నారు డాక్టరు. నీళ్లలోనైతే ఒంటి బరువంతా కాలి మీద పడదట. అందుకే ఆళ్లగడ్డ బయట కాలువలోకి దించి, దాని కడుపు కింద తువ్వాలు వేసి పట్టుకుని నడిపిస్తున్నాను.

పక్కనే మా వీధి రైతు ఒకాయన, బండలాగుడు పోటీలకు పెంచుకునే ఎద్దును నీళ్లలో తిప్పుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"కుక్కకు ఈ సేవలేందప్పా? నీకేం పన్లేదా?"

"మరి నువ్వేం చేస్తాండావన్నా?"

"మొన్న పోటీలో దీని కాలు బెణికింది. నీళ్లల్లో నడిపిస్తే సరవుతాది."

"దీనికీ అందుకే కదన్నా."

"ఇది బండ లాగుతాది. అదేం లాగుతాది?"

అంటే, బండ లాగే కాలికే నొప్పి ఉంటుందన్నమాట. ఒళ్లు మండిపోయింది.

కాసేపటికి రెండూ గట్టుకొచ్చాయి. రెండూ వెనక కాలు పూర్తిగా ఆనించలేక ఒకేలా కుంటుతున్నాయి. ఆయనకు తేడా కనబడింది, నాకు కనబడలేదు. మీకెవరికైనా కనబడితే చెప్పండి.