మాటల్లేకుండా నేర్చుకున్న పాట

డెట్రాయిట్ పక్కనున్న నోవైలో మా అమ్మాయికి పియానో నేర్పే టీచర్ డెబ్బై దాటిన తెల్లావిడ. పాత అమెరికన్ పాటలంటే ఆవిడకి ప్రాణం. ఆ వసంతంలో పిల్లల కచేరీకి మా పిల్లకి తాతముత్తాతల కాలం నాటి పాట ఒకటి ఇచ్చింది. మాటల్లేవు, వట్టి బాణీ. ఎంత తియ్యటి బాణీ అంటే, వంట చేస్తూ నేనూ కూనిరాగం తీసేదాన్ని.

కచేరీకి ఆఫీసులో నా పక్కన కూర్చునే స్నేహితురాలిని పిలిచాను. డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, రిటైర్‌మెంట్‌కి దగ్గరపడింది. వాళ్ల తాత ఒకప్పుడు థియేటర్లలో పియానో వాయించేవాడట. మా పిల్ల మొదలుపెట్టగానే ఆవిడ ముఖంలో నవ్వు ఆగిపోయింది. చప్పట్లు మాత్రం అందరితోపాటు కొట్టింది.

పార్కింగ్ లాట్‌లో అడిగాను, ఏమైందని.

"పిల్ల చక్కగా వాయించింది. కానీ ఆ పాటకి మాటలున్నాయి, తెలుసా?" అంది. "తెల్లవాళ్లు ముఖాలకి మసి పూసుకుని, మావాళ్లని వెక్కిరిస్తూ గెంతుతూ స్టేజీ మీద పాడేవారు. బానిసగా ఉండటమే మాకు హాయి అని ఆ పాట. మా తాతని కూడా అదే వాయించమనేవారు. కాదంటే పని ఉండేది కాదు."

ఇన్నాళ్లూ నేను పాడుకున్నది ఇదా?

కారులోంచి మా పిల్ల భయంగా, "మమ్మీ, నేను రాంగ్ ప్లే చేశానా?" అంది.

నేను తేరుకునేలోపే నా స్నేహితురాలు కిటికీ దగ్గరకి వంగి, "నీ తప్పేం లేదు, బంగారం" అని దాని తల నిమిరింది.

మర్నాడు టీచర్‌కి ఫోన్ చేశాను. "మా అమ్మ నేర్పింది నాకు. మాటలు ఎప్పుడూ వినలేదే!" అంది. సాయంత్రం తనే మళ్లీ చేసింది. మాటలు వెతికి చదివిందట. "ఎంతమంది పిల్లలకి నేర్పానో..." అని, ఆపైన ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు.

ఆ శనివారం నా స్నేహితురాలు మా ఇంటికొచ్చింది. వాళ్ల తాత, ఇంట్లో తన కోసమే అల్లుకున్న బాణీ ఒకటి మా పిల్లకి నేర్పింది. ఎడమచెయ్యి బుద్ధిగా నడుస్తుంటే, కుడిచెయ్యి దానితో పేచీ పెట్టుకుంటున్నట్టుంది. పిల్ల తప్పినప్పుడల్లా ఇద్దరూ పగలబడి నవ్వారు.

"టీచర్ కూడా వచ్చి వింటానంటోంది" అన్నాను.

నా స్నేహితురాలి చేతులు పియానో మెట్ల మీదే ఆగిపోయాయి. "ఇవాళ వద్దు. వచ్చే వారం రమ్మను" అంది.