మా అక్క పాత జాకెట్టుతో చేసిన బొమ్మ

ముందే చెప్పేస్తాను. దయ్యాలు, గాలీ ధూళీ, మా వైపు బాణామతి అని పిలిచే చేతబడి, వీటిలో ఏదీ నమ్మే మనిషిని కాను నేను. పెళ్ళయి మొయినాబాద్ పక్క ఊరికి వచ్చిన కొత్తలో, శ్మశానం దారిలో ఉందని ఎవరూ తీసుకోని ఇంటిని మేము కిరాయికి తీసుకున్నాం. ఏళ్ళుగా అందులోనే ఉంటున్నాం. ఇన్నేళ్ళలో నన్ను భయపెట్టింది ఏదైనా ఉందంటే అది కరెంటు బిల్లే.

అలాంటి నేను ఈ సంగతి చెప్పుకోవాల్సి రావడం నాకే వింతగా ఉంది. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీకేమనిపిస్తే అది అనుకోండి.

నేను బట్టలు కుడతాను. ముందు గదిలో మెషిన్, కిటికీ పక్కన ఒక బల్ల, గోడకి ఒక అద్దం, అంతే నా దుకాణం. మా ఆయన మొయినాబాద్, చేవెళ్ల మధ్య ఆటో నడుపుతాడు. మా అక్క కరుణ చేవెళ్లలోనే ఉంటుంది. బావ పోయాక ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. చపాతీలు చెయ్యడంలో అక్కను మించినవాళ్ళు లేరు. కర్ర అలా తిప్పిందంటే చపాతీ దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది. ఆ కుడిచెయ్యే దాని అన్నం, దాని కిరాయి, దాని కూతురి చదువు.

పోయిన ఏడాది వానలు తగ్గే రోజుల్లో ఒక అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మా చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లలో పార్టీలు ఏర్పాటు చెయ్యడం ఆమె పని. ఫోన్లో ఫోటోలు చూపించింది. అరచేతిలో పట్టేంత బొమ్మలు, గుండీల కళ్ళు, కుట్లు వేసిన నోరు, గుండె మీద ఒక గుండుసూది.

“వూడూ బొమ్మలంటరక్కా. దయ్యాల పార్టీ పెడుతున్నం, వచ్చినోళ్లకు గిఫ్ట్ ఇయ్యాలె. జర క్యూట్‌గ ఉండాలె, మరీ భయమైతే వద్దు,” అంది.

వూడూ అంటే ఏమిటని అడిగాను. ఒక మనిషి పేరు మీద బొమ్మ చేసి సూది గుచ్చితే ఆ మనిషికి నొప్పి పుడుతుందని సినిమాల్లో చూపిస్తారు, అంతకుమించి తనకూ తెలియదంది. “అయితే మన బాణామతే కదా, ఇంగ్లీషు పేరు పెట్టుకున్నది,” అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

మా చర్చి పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారో అని మా ఆయన గొణిగాడు. పాస్టరుగారిని ఆ పార్టీకి ఎవరూ పిలవరులే అన్నాను.

మొదట ఒకటి చేసి చూపించమంది ఆ అమ్మాయి. దానికి మెత్తటి బట్ట కావాలి. కొత్త ముక్కలు బిర్రుగా ఉంటాయి, చిన్న బొమ్మకు సరిగ్గా మడత తిరగవు. వెతికితే మా అక్క ఆది జాకెట్టు చేతికి తగిలింది. కొలత కోసం దర్జీ దగ్గర ఉంచే జాకెట్టును ఆది జాకెట్టు అంటాం. అక్క కాస్త ఒళ్ళు చేశాక ఆ కొలత పనికి రాకుండా పోయింది. ఆకుపచ్చ జాకెట్టు. అక్క ఏళ్ళ తరబడి తొడిగి, ఉతికి, చెమటకూ ఎండకూ మెత్తబడిపోయిన బట్ట. దాని కుడిచేతిని కత్తిరించి బొమ్మ కుట్టాను. లోపల రెండు ఐస్‌క్రీమ్ పుల్లలు అడ్డంగా నిలువుగా కట్టి, దిండులోంచి తీసిన దూది కూరి, కళ్ళకి రెండు వేర్వేరు గుండీలు పెట్టాను. నోటికి నల్లదారంతో అడ్డకుట్లు. నిజం చెప్పొద్దూ, చాలా బాగా వచ్చింది.

ఆ అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టేసింది.

“ఇది వద్దక్కా. మరీ మనిషి లెక్కనే ఉన్నది,” అంది.

సరేనని మిగతావన్నీ పురికొసతో చేశాను. పుల్లల మీద దూది పెట్టి, దాని మీద పురికొస ఒత్తుగా చుట్టి, చివరను సూదితో లోపలికి లాగేస్తే అయిపోయింది. అవి ఆమెకు బాగా నచ్చి తీసుకుపోయింది. వాటి సంగతి ఇక్కడితో సరి. వాటిలో ఎవరి బట్టా లేదు.

బట్ట బొమ్మ నా దగ్గరే ఉండిపోయింది. పారెయ్యడానికి మనసొప్పలేదు. మెషిన్ పక్కన మేకుకు తగిలించాను. కుట్టేటప్పుడు తీసిన గుండుసూదులు నోట్లో పెట్టుకోవడం నాకు చెడ్డ అలవాటు. ఇప్పుడు చేతికందే దూరంలో దూది కూరిన బొమ్మ ఉండేసరికి వాటిని దానికే గుచ్చడం మొదలుపెట్టాను. బొమ్మ ముఖం గోడ వైపు ఉండేది, దాని కుడి భుజమే నా కుడిచేతికి దగ్గర, అందుకే నా చెయ్యి ఎప్పుడూ అక్కడికే పోయేది.

ఆ రోజుల్లోనే అక్క భుజం నొప్పి అనడం మొదలుపెట్టింది.

మొదట పట్టించుకోలేదు. చపాతీలు చేసే చెయ్యి నొప్పి పుట్టక ఏం చేస్తుంది? కానీ చూస్తుండగానే అది పెరిగిపోయింది. తల దువ్వుకోవడానికి చెయ్యి లేచేది కాదు, కూతురే జడ వేసేది. దవాఖానలో చూపిస్తే భుజం కీలు పట్టేసిందన్నారు. గోళీలు ఇచ్చి, గోడకు చెయ్యి ఆనించి మెల్లమెల్లగా పైకి పాకించమన్నారు, నెలలు పట్టొచ్చన్నారు. హాస్టలు వాళ్ళు నెలలు ఆగుతారా? వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే వేరే మనిషిని చూసుకుంటామని తేల్చి చెప్పేశారు.

“సుశీలా, లోపట సూదులు గుచ్చినట్టే ఉంటదే,” అనేది ఫోన్లో. “ఆదివారం ఒక్కనాడు జర నయం. చర్చిల కూసుంటే పానం నిమ్మళమైతది. మళ్ల సోమవారం షురూ.”

నేను వింటూనే ఉండేదాన్ని. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, జాకెట్టు అంచులోంచి గుండుసూదులు తీస్తూ, పక్కనున్న బొమ్మకి గుచ్చుతూ వినేదాన్ని. పెళ్ళిళ్ళ సీజన్, చేతి నిండా పని. అక్కకు ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక ఏడుపు వచ్చేది. నాకు తల్లి తర్వాత తల్లి అది.

ఇక లక్ష్మమ్మగారి సంగతి. మా ఊళ్ళో పొలాలున్న పెద్ద కుటుంబం, వాళ్ళాయన ఒకప్పుడు సర్పంచ్. అందరం పటేలమ్మ అంటాం. ఆకుపచ్చ జాకెట్టు ముక్క ఇచ్చి వెళ్ళింది, ఒకరోజు మధ్యాహ్నం తీసుకోవడానికి వచ్చింది. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, తన భుజం నొప్పి గురించి చెప్పుకొస్తోంది. ఆ వయసులో ఎవరికి లేదు? చెప్తూ చెప్తూ గోడ వైపు చూసి ఆగిపోయింది.

“గదేంది సుశీలా?”

“సూదులు గుచ్చుకునే బొమ్మ పటేలమ్మా.”

“గది నా జాకిటి బట్టనే గదా!” అంటూ లేచి నిలబడింది. “నా భుజం గుంజుతున్నదంటే గిదా సంగతి? నీకేం అన్యాలం జేసిన నేను? నాకు బాణామతి జేస్తున్నవా?”

దయ్యాలకు భయపడను గానీ ఆ మాటకు భయపడతాను. మా ప్రాంతంలో ఆ మాట ఒకసారి ఒక ఇంటి మీద పడిందంటే నిజమా అబద్ధమా అని ఎవరూ ఆగరు. అందులోనూ మాలాంటి వాళ్ళ ఇంటి మీద, ఆమెలాంటి మనిషి నోట్లోంచి. ఆమె గడప దాటి నలుగురిలో ఆ మాట అంటే నా బతుకు ఏమయ్యేదో నాకు బాగా తెలుసు.

బొమ్మను మేకు నుంచి తీశాను. దానికున్న గుండుసూదులన్నీ ఒక్కొక్కటే ఆమె ముందే పీకి, డబ్బాలో వేశాను. తర్వాత ఆమె జాకెట్టు ముక్కలో మిగిలిన పీలికలు తెచ్చి బొమ్మ పక్కన పెట్టాను.

“మీ బట్ట ఇదో, చూడండ్రి. కొత్తది, మెరుస్తున్నది. ఇది మా అక్క పాత జాకిటి, రంగు వెలిసిపోయింది. ముట్టి చూడండ్రి, ఎంత మెత్తగున్నదో. మీ మీద నాకేం కోపముంటది పటేలమ్మా?”

ఆమె రెండూ వేళ్ళతో నలిపి చూసింది. తర్వాత తన చెయ్యి ఎత్తి చూసుకుంది, ఇంకాస్త ఎత్తింది.

“తక్కువైనట్టే ఉన్నదే,” అంది, సిగ్గుపడుతూ.

నాకు నవ్వు ఆగలేదు, ఆమె కూడా నవ్వేసింది. జాకెట్టుతో పాటు పీలికలన్నీ చిన్న దారం ముక్క కూడా వదలకుండా ఏరుకుని, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి వెళ్ళింది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడా. పోయిందనుకున్న ఆ భుజం నొప్పి మాత్రం రెండు రోజులకే మళ్ళీ వచ్చింది. అంతా మనసు చేసే మాయ అని నాకు రుజువు దొరికినట్టయింది.

కానీ ఆ రోజు సాయంత్రమే అక్క ఫోన్ చేసింది.

ఏడుస్తూ మాట్లాడుతుంటే ముందు హడలిపోయాను. ఉద్యోగం పోయిందేమో అనుకున్నాను. మధ్యాహ్నం వంటింట్లో చపాతీలు చెయ్యలేక పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోందట. ఎవరో ఉప్పు డబ్బా అడిగితే లేచి పై అరలోంచి తీసి ఇచ్చిందట. ఇచ్చాక గానీ తెలియలేదట, కుడిచేత్తో తీశానని.

“ఒక్కొక్కటే ఎవరో తీసేసినట్టు అనిపించిందే, సుశీలా,” అంది.

నేను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాను. దానికి బొమ్మ సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు. లక్ష్మమ్మగారు వచ్చి వెళ్ళిన సంగతీ అప్పటికింకా ఎవరికీ చెప్పలేదు.

ఆ నొప్పి మళ్ళీ రాలేదు. అక్క ఉద్యోగం నిలబడింది. దవాఖానలో వ్యాయామం పనిచేసిందన్నారు. చర్చిలో అక్క లేచి దేవుడే బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది, రెండు చేతులూ పైకెత్తి దేవుణ్ణి స్తుతించింది, అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ ఆ రెండింటినే నమ్మాలని చూశాను. కానీ ఒక్క విషయం నన్ను వదలడం లేదు. ఆదివారాలు నేను మెషిన్ ముట్టను. శనివారం సాయంత్రమే బల్ల తుడిచి, బొమ్మకున్న సూదులన్నీ తీసి డబ్బాలో వేసి మూత పెట్టేసేదాన్ని. ఆదివారం అక్కకూ సెలవే, చెయ్యికి విశ్రాంతి దొరికేది కాబట్టి నయంగా ఉండేదేమో. ఏమో మరి.

అంతా విని మా ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. “నమ్మనంటవు గదా. ఒక్క సూది గుచ్చి, మీ అక్కకు ఫోన్ కొట్టు. తేలిపోతది,” అన్నాడు.

మాట నిజమే. ఒక్క సూదితో తేలిపోయేది. మరునాడు మధ్యాహ్నం బొమ్మను బల్ల మీద పడుకోబెట్టి గుండుసూది చేతిలోకి తీసుకున్నాను. చాలాసేపు అలాగే కూర్చున్నాను. చివరికి సూదిని డబ్బాలోనే వేసేశాను.

కాల్చేద్దామా అంటే కాల్చలేను. కుట్లు విప్పుదామంటే కత్తెర పెట్టలేను. చెత్తలో వేస్తే కుక్కలు చీల్చుతాయి. దూది పరిచి, బిస్కెట్ల డబ్బాలో పడుకోబెట్టి, పై అరలో పెట్టాను. దుమ్ము దులిపేటప్పుడు డబ్బాను రెండు చేతులతో దించుతాను.

క్రిస్మస్‌కు కొత్త జాకెట్టు కుట్టించుకోవడానికి అక్క వచ్చింది. పాత కొలత లేదు కదా, మళ్ళీ తీసుకోవాలి. కొలత ఇవ్వడానికి పైట పిన్ను తీసి చేతిలో పట్టుకుంది. నేను లోపల చాయ్ పెడుతున్నాను.

“టేపు ఎక్కడ పెట్టినవే?” అని అడుగుతూ అక్కే వెతుక్కుంటోంది. నేను బయటికి వచ్చేసరికి పై అరలోని డబ్బా దించి, మూత తీసి, బొమ్మను చేతిలోకి తీసుకుంది.

“అగో, నా పాత జాకిటి! ఎంత ముద్దుగున్నదే!” అని మురిసిపోతోంది. మురిసిపోతూనే, ఏ ఆడదైనా చేసేదే, చేతిలో పిన్ను ఎక్కడ పెట్టాలా అని చూసి, దూది కూరిన ఆ భుజం మీదికి తెచ్చింది.

చాయ్ గ్లాసు కింద పడేసి ఒక్క ఉరుకున వెళ్ళి దాని చెయ్యి పట్టుకున్నాను.

“అయ్యో, ఏమైందే నీకు?” అంది బిత్తరపోయి.

ఏమని చెప్పను? నమ్మనని మొదట్లోనే చెప్పాను, ఇప్పుడు అడిగినా అదే చెప్తాను. మరి ఎందుకు పట్టుకున్నానో మాత్రం చెప్పలేను. ఏదో తుప్పు పట్టిన పిన్ను, బొమ్మ పాడవుతుందని అబద్ధమాడాను. ఆ పిన్ను తీసుకుని నా పైటకే పెట్టుకున్నాను. బొమ్మను దూదిలో పడుకోబెట్టి మూత పెట్టాను. టేపు నా మెడలోనే ఉంది.

“చెయ్యి పైకెత్తక్కా,” అన్నాను.

ఎత్తింది. నేను చూస్తూ నిలబడ్డాను, కొలత తీసుకోవడమే మరిచిపోయాను.